చేతులు మారే సమాచారం

2009వ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. విద్యుత్తు నిలిచిపోయింది, టెలిఫోన్లు మూగబోయాయి. సాయం కోరేవారికీ, సాయం చేయగలవారికీ మధ్య వార్త నడిచే దారి తెగిపోయింది.

సెల్‌ఫోన్ ప్రతి మాటనూ ముందుగా టవరుకు పంపుతుంది. ఎదురెదురు ఇళ్లలోని ఇద్దరు మాట్లాడుకోవాలన్నా టవరే మధ్యవర్తి. అది పనిచేయకపోతే చేతిలో ఫోను ఉన్నా లేనట్లే. ఈ లోటును తీర్చగల ఏర్పాటే మొబైల్ అడ్‌హాక్ నెట్‌వర్క్. ఇందులో టవరు ఉండదు. ప్రతి పరికరమూ తన సమాచారాన్ని పంపుకోవడమే కాక, ఇతరుల సమాచారాన్ని అందుకొని ముందుకు సాగనంపుతుంది. 1970వ దశకంలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ చేపట్టిన ప్యాకెట్ రేడియో ప్రయోగాలు దీనికి పునాది వేశాయి.

అప్పటి కర్నూలు జిల్లాలో ఉండి, 2022లో నంద్యాల జిల్లాలో చేరిన బనగానపల్లెకు సమీపంలో, ఎర్రమల కొండల్లో యాగంటి క్షేత్రం ఉంది. ఆ ప్రాంతంలో సహాయక సిబ్బంది చిన్న రేడియో పరికరాలతో తిరుగుతున్నారని ఊహిస్తే, బనగానపల్లె నుంచి పంపిన వార్త కొండలను దాటి యాగంటికి నేరుగా చేరదు. నడుమనున్న వారి పరికరాల మీదుగా చేతులు మారుతూ వెళ్లాలి. అయితే వారు ఒకచోట నిలిచి ఉండరు. ఇప్పుడున్న దారి మరునిమిషంలో ఉండకపోవచ్చు. అందువల్ల దారిని కనుగొనడమే ఇక్కడ ప్రధాన సమస్య.

దీనికి ముఖ్యంగా రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటి పద్ధతిలో పరికరాలు అవసరం ఉన్నా లేకపోయినా తమ దారుల పట్టికలను నిరంతరం ఇచ్చిపుచ్చుకుంటాయి. 1994లో చార్లెస్ పెర్కిన్స్, ప్రవీణ్ భాగవత్ ప్రతిపాదించిన డి.ఎస్.డి.వి. ఈ కోవకు చెందినది. ఇందులో దారి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కాని కదలిక పెరిగేకొద్దీ పట్టికల రాకపోకలకే బ్యాటరీ శక్తి వ్యయమవుతుంది.

రెండవ పద్ధతిలో అవసరం కలిగినప్పుడే దారిని వెతుకుతారు. 2003లో ప్రయోగాత్మక ప్రమాణంగా వెలువడిన ఎ.ఓ.డి.వి. ఇటువంటిది. పంపవలసిన పరికరం ‘యాగంటికి దారి ఎవరికి తెలుసు?’ అన్నట్లుగా ఇరుగుపొరుగు పరికరాలను అడుగుతుంది. అవి ఆ ప్రశ్న ఎవరి నుంచి వచ్చిందో గుర్తుంచుకొని ముందుకు పంపుతాయి. అదే ప్రశ్న మళ్లీ వస్తే విడిచిపెడతాయి. గమ్యం నుంచి జవాబు అదే జాడన వెనక్కి వస్తుంది. ప్రశ్న అంతటా పాకకుండా మొదట కొద్ది దూరమే పంపి, జవాబు రానప్పుడు పరిధిని పెంచవచ్చు. దారి తెగితే ఆ సంగతి పంపినవారికి తెలుస్తుంది. వెతుకులాట మళ్లీ మొదలవుతుంది. ఇది ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్లు తోచవచ్చు. ఆరంభంలో కొంత జాప్యం నిజమే. కాని వాడని దారులను కాపాడే శ్రమ తప్పుతుంది.

వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో చదివి, మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్యులైన సి. శివరామమూర్తి, బి.ఎస్. మనోజ్‌తో కలిసి 2004లో వెలువరించిన గ్రంథం ఈ పద్ధతులను విపులంగా చర్చించింది.

ఏ పద్ధతిని అనుసరించినా ఒక నియమం తప్పదు. తన బ్యాటరీని మిగుల్చుకోవాలని ఒక పరికరం ఇతరుల వార్తను మోయడానికి నిరాకరిస్తే, ఆ దారిపై ఆధారపడిన వారందరికీ నష్టం కలుగుతుంది. రేపు దాని వార్తను మోసేవారూ ఉండరు. ఆపదలో టవరు కూలినప్పుడు మిగిలే ఆధారం పరస్పర సహకారమే.