ఫెమ్టోసెకను పల్స్‌లతో కొలువు

1985లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న డోనా స్ట్రిక్లాండ్, ఆమె గైడు జెరార్డ్ మురూ ఒక చిక్కుముడి విప్పారు. అతిపొట్టి లేజర్ పల్స్ బలాన్ని ఉన్నపళంగా పెంచితే దాని తీవ్రతకు ఆంప్లిఫయర్ గాజే దెబ్బతింటుంది. అందుకని వాళ్లు పల్స్‌ను ముందు 1.4 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్‌లో సాగదీశారు, తర్వాత బలం పెంచారు, చివర్లో గ్రేటింగ్‌లతో కుదించారు. 2018 ఫిజిక్స్ నోబెల్‌లో సగభాగం ఆ ఇద్దరికీ దక్కింది.

అప్పుడు ఫైబర్ పని సాగదీయడం వరకే. ఇప్పుడు బలం పెంచేదీ ఫైబరే. ఇటెర్బియం కలిపిన గాజుకు 976 నానోమీటర్ల డయోడ్ వెలుగు అందిస్తే 1030 నానోమీటర్ల పల్స్ బలం పుంజుకుంటుంది. ఫైబర్ సన్నగా, పొడవుగా ఉండటంతో వేడి తేలిగ్గా బయటికి పోతుంది. కానీ ఆ సన్నదనమే చిక్కు కూడా: ఇరుకైన కోర్‌లో తీవ్రత పెరిగి, గాజు వక్రీభవన గుణకమే మారి, పల్స్ చెదురుతుంది. కోర్‌ను వెడల్పు చేయడం ఒక ఉపాయం. పనిని పంచడం ఇంకొకటి: 2020లో జర్మనీలోని యేనా పరిశోధకులు 12 ఆంప్లిఫయర్ల వెలుగును కలిపి 10.4 కిలోవాట్ల సగటు సామర్థ్యం సాధించారు.

లాసిక్ కంటి శస్త్రచికిత్సలో కార్నియా పొరను కోయడానికి, స్టెంట్లు, ఫోన్ గాజు కత్తిరించడానికి ఇలాంటి అతిపొట్టి ఫెమ్టోసెకను పల్స్‌లే వాడుతున్నారు. కాబట్టి కొలువులు ల్యాబ్‌లకే పరిమితం కావు. ఇంటర్నెట్ కేబుళ్లకు స్ప్లైసింగ్ చేసిన డిప్లొమా అభ్యర్థికి ఇక్కడ నిజంగా విలువుంది. ఫైబర్ కొసను తిన్నగా కోసి అతికించడం చేతికి రావలసిన విద్య, పుస్తకంతో రాదు. కంటికి కనిపించని ఈ లేజర్ కిరణం రెటీనాను క్షణంలో కాల్చగలదు. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవడం మొదటి రోజే అలవాటు కావాలి.

ఫిజిక్స్ డిగ్రీ వాళ్లకు జామ్ ప్రవేశ పరీక్ష ద్వారా ఐఐటీల ఎమ్మెస్సీ ఉంది. కొచ్చిలోని కుసాట్ విశ్వవిద్యాలయంలో ఫోటోనిక్స్‌కు ప్రత్యేక విభాగం ఉంది. పరిశోధనకు హైదరాబాద్‌లో టీఐఎఫ్‌ఆర్, సెంట్రల్ యూనివర్సిటీ, ఇండోర్‌లో ఆర్‌ఆర్‌క్యాట్, ఫైబర్ తయారీలో కోల్‌కతా సీజీసీఆర్‌ఐ గమనించదగ్గవి.

ప్రవేశం దొరికేదాకా ఆగనక్కర్లేదు. ఫైబర్‌లో పల్స్ ఎలా మారుతుందో చెప్పే నాన్‌లీనియర్ ష్రోడింగర్ సమీకరణాన్ని పైథాన్‌లో సాధించడానికి మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఇంటర్వ్యూలో ఆ గ్రాఫులు చూపించి, పల్స్ ఎక్కడ చెదిరిందో, ఎందుకు చెదిరిందో వివరించగల అభ్యర్థికి ల్యాబ్ తలుపులు తెరుచుకునే అవకాశం ఎక్కువ.