చతురంగ సంకలితము – భూతసంఖ్యా పాఠనిర్ణయము

చదరంగపు 64 గడులలో ఒక గింజతో మొదలిడి గడిగడికి ఇబ్బడిగా ఉంచినచో మొత్తమెంత? పావులూరి మల్లన రచనగా ప్రసిద్ధమైన పద్యము దీనిని భూతసంఖ్యలలో చెప్పుచున్నది. వామగతిని చదువగా వచ్చు ఫలము 18446744073709551615. అనగా 2 యొక్క 64వ ఘాతమునకు 1 తక్కువ.

ఇందలి అబ్ధి, పయోనిధి శబ్దములు సందేహాస్పదములు. సముద్రములు నాలుగనియు, ఏడనియు వ్యవహారము కలదు. ఏది గ్రాహ్యము?

నవశేష పరీక్ష దీనిని తేల్చును. 2 యొక్క 6వ ఘాతమైన 64ను 9చే భాగింప శేషము 1. కావున 60వ ఘాతమునకును శేషము 1. తక్కిన నాలుగు ఇబ్బడులచే 16, అనగా శేషము 7. అందుండి 1 తీసివేయగా 6. పద్యోక్తాంకముల మొత్తము 87. దీని శేషమును 6. ఒక సముద్రమును ఏడుగా గ్రహించినచో మొత్తము 90, శేషము 0. రెండింటిని గ్రహించినచో 93, శేషము 3. కావున నాలుగే గ్రాహ్యము. మూడుచే భాగించు పరీక్ష ఇచట చాలదు. 87, 90, 93 అన్నియు మూడుచే నిశ్శేషముగా భాగింపబడును.

అంకములు స్థానములు మారినచో నవశేషము పట్టజాలదు. అపుడు కారణాంకములు తోడ్పడును. 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు ప్రధానాంకముల లబ్ధమే ఈ సంఖ్య. భూతసంఖ్యలుగల ప్రతులను పరిష్కరించువారు ఈ రెండు పరీక్షలను జరిపిన పిదపనే పాఠమును నిర్ణయించుట యుక్తము.