బతుకమ్మ పాఠం అందరికీ అందాలంటే

ప్రశ్న: డాలస్‌లో శనివారాలు తెలుగు క్లాసు చెబుతున్నాను. ఈ ఏడాది చేరిన పిల్లల్లో ఒక పాపకి చూపు లేదు. పండగల గురించి నా దగ్గరున్నవన్నీ స్లైడ్లు, వీడియోలే. త్వరలో బతుకమ్మ పాఠం ఉంది. ఆ పాప కోసం వేరే పాఠం తయారు చేసుకోవాలా?
– ఒక టీచర్, టెక్సస్

జవాబు: వేరే పాఠం వద్దండీ. ఉన్న పాఠాన్నే మార్చండి. తెర మీద ఫొటో వేసి "ఇది బతుకమ్మ" అని చెప్పి తర్వాతి స్లైడుకు వెళ్లిపోతే చూపున్న పిల్లలకు మాత్రం ఏం మిగులుతుంది? రంగులు చూస్తారు, మర్చిపోతారు.

పూలతో మొదలుపెట్టండి. తంగేడు అక్కడ దొరక్కపోయినా బంతి, చామంతి దొరుకుతాయి. గునుగు జాతి పూలను నర్సరీల్లో సెలోషియా పేరుతో అమ్ముతారు. తాంబాళంలో ఆకులు పరిచి, మొదటి వరస ఆ పాప చేతే పేర్పించండి. ఒక్కో వరసా చిన్నదవుతూ పైకి వెళ్లడం, చివర పసుపు గౌరమ్మను పెట్టడం వేళ్లకు తెలుస్తుంది. కింద, పైన, చుట్టూ, నడుమ అనే మాటలు అక్కడే అందరికీ వచ్చేస్తాయి. ఇక ఆట అంటారా, ఒకరు పాట చెబితే మిగతావాళ్లు అందుకుంటూ చప్పట్లు కొడుతూ తిరగడమే కదా! ఆ లయ దొరికితే పాప వలయంలో హాయిగా కలిసిపోతుంది.

ఫోనూ కంప్యూటరూ అవసరమయ్యేది ఆ తర్వాతే. ఒక ఫొటో ఇచ్చి, దాన్ని చూడనివాళ్లకు తెలిసేలా రెండు వాక్యాలు తెలుగులో రాయమని పిల్లలకు చెప్పండి. వాటిని స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. "ఆడవాళ్లు పూలతో ఉన్నారు" అని రాస్తే పాప ఊరుకోదు. బతుకమ్మ ఎంత ఎత్తుంది? ఎక్కడ పెట్టారు, ఇంటి ముందా, చెరువు గట్టునా? చీరలు కొత్తవేనా? అని అడుగుతుంది. జవాబు కోసం మిగతావాళ్లు ఫొటోను మళ్లీ చూడాలి, చివరికి చెరువు ఎందుకని మిమ్మల్ని అడగాలి. నా లెక్కలో అసలు సంస్కృతి పాఠం అదే. ఆ పాప క్లాసులో ఉండబట్టే అది జరుగుతుంది.

ఒక్క జాగ్రత్త. పాత డీటీపీ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లు పాపకు పంపకండి. తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, అందుకే స్క్రీన్ రీడర్ అర్థం లేని శబ్దాలు చదువుతుంది. స్కాన్ చేసిన పేజీ అయితే దానికి ఉత్త బొమ్మ. పాఠాన్ని యూనికోడ్‌లో టైపు చేసి ఇవ్వండి. కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ ఉంది. పాపకు ఇంగ్లీషు బ్రెయిలీ వస్తే మీ పని ఇంకా సులువు. మన భాషలకు వాడే భారతి బ్రెయిలీ కూడా ఆరు చుక్కలదే. క, మ, ల, స అక్షరాలకు కె, ఎం, ఎల్, ఎస్‌ల చుక్కలే వాడతారు.

ప్రశ్న: మా క్లాసులో ముస్లిం, క్రైస్తవ కుటుంబాల పిల్లలూ ఉన్నారు. మొన్న ఒక బాబు "ఇవి మా పండగలు కావు" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు.
– ఒక వలంటీర్, న్యూజెర్సీ

జవాబు: ఆ బాబు అన్నది నిజమే. దాన్ని సరిదిద్దాల్సిన పని లేదు, సరిచేయాల్సింది మన పాఠాల పట్టికని. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండగ తెలుగువాళ్లది కాదా? స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు అందుకుంటారు. మతం ఎవరూ అడగరు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండగకు ఊరంతా కదులుతుంది. క్రిస్మస్ పాఠానికి మెదక్ చర్చి ఉంది, దాన్ని 1924 క్రిస్మస్ రోజునే ప్రతిష్ఠించారు.

అయితే "మీ పండగ గురించి నువ్వు చెప్పు" అని ఆ బాబును లేపి నిలబెట్టకండి. ఏ పిల్లాడూ తన మతానికి ప్రతినిధిగా క్లాసుకు రాడు. గూగుల్ మ్యాప్‌లో అందరి చేతా అమ్మమ్మ ఊరో, నానమ్మ ఊరో గుర్తు పెట్టించండి. ఆ ఊళ్లో పండగంటే ఏమిటో పెద్దవాళ్ల గొంతుతోనే వాట్సాప్‌లో ఒక నిమిషం రికార్డు తెప్పించండి. విన్నదాన్ని పిల్లలు రాసి పెడితే, వినికిడి తక్కువున్న పిల్లలకూ అది పనికొస్తుంది.

ప్రశ్న: ఏఐతో పండగ బొమ్మలు చేయించి పాఠంలో పెట్టవచ్చా?
– ఒక టీచర్, హైదరాబాద్

జవాబు: వద్దనే నా సలహా. పండగ ఎన్నడూ చూడని పిల్లాడికి బొమ్మలో తప్పు ఎక్కడుందో తెలియదు, అదే నిజమనుకుంటాడు. వికీమీడియా కామన్స్‌లో స్వేచ్ఛగా వాడుకోదగ్గ అసలు బతుకమ్మ ఫొటోలున్నాయి. పిల్లల ఇళ్లలోనూ ఉంటాయి, అడిగి తెప్పించుకోండి. పిల్లల మొహాలు కనిపించే ఫొటోలను మాత్రం తల్లిదండ్రులు సరేనన్నాకే వాడండి.