పుంగనూరు ఆవును కొలవడం ఎలా?

తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో బీవీఎస్సీకి చేరినా, పలమనేరులో పశుసంవర్ధక డిప్లొమాకు చేరినా, పుస్తకాల కన్నా ముందు చేతికి రావాల్సిన పని ఒకటుంది. పశువు వయసు చూసి, ఒళ్లు కొలిచి, బరువు అంచనా కట్టడం. మేత ఎంత వేయాలి, నట్టల మందు ఎంత పట్టాలి అన్నవన్నీ ఆ బరువును బట్టే ఉంటాయి.

మనం పుంగనూరు ఆవుతో మొదలుపెడదాం. పెరిగిన పశువు ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోలు. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో ఈ ఆవులకు మేత పెట్టిన ఫొటోలు దేశమంతా చూసింది. ఆ ఫొటోలు చూశాక పొట్టిగా కనిపించిన ప్రతి ఆవునూ పుంగనూరు అనేయడం తేలిక. కానీ ఎదగని దూడ కూడా పొట్టిగానే ఉంటుంది, తిండి లేక గిడసబారిన ఆవూ పొట్టిగానే ఉంటుంది. కాబట్టి మనం ముందు పళ్లు చూస్తాం, ఆ తర్వాతే టేపు పడతాం.

కావలసినవి

సాగని కొలత టేపు. దర్జీల టేపు 60 అంగుళాలు ఉంటుంది కాబట్టి పుంగనూరు ఆవుకు సరిపోతుంది, ఒంగోలు గిత్తకు చాలదు. పాతబడి సాగిన టేపు మాత్రం వద్దు. ఎత్తుకు సెంటీమీటర్ల గీతలున్న నిటారు కర్ర, దాని మీద అడ్డంగా పెట్టడానికి మరో బద్ద. నోటుబుక్కు, పెన్సిలు. పలుపు పట్టుకోవడానికి ఆవుకు అలవాటైన మనిషి. ఈ చివరిది లేకపోతే ఆ రోజుకు పని మానుకుందాం.

పద్ధతి

1. పొద్దున్నే, మేతా నీళ్లూ పెట్టకముందే వెళదాం. ఎగుడుదిగుడు లేని గట్టి నేల చూసుకుందాం.

2. ఆవుకు కనబడేలా, మాట్లాడుతూ భుజం వైపు నుంచి దగ్గరికి వెళ్లాలి. ఆవు నేరుగా వెనక్కి మాత్రమే తన్నదు, కాలు ముందుకు తెచ్చి పక్కకు విసురుతుంది. అందుకని వెనక కాలి పక్కన నిలబడొద్దు.

3. పళ్లు చూద్దాం. నోటి పక్కన ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది. వేళ్లు అక్కడే పెట్టి నోరు తెరవాలి. పై దవడ ముందు భాగంలో పళ్లు ఉండవు, రాలిపోయాయని కంగారు పడొద్దు. కింద ఎనిమిది ఉంటాయి. సన్నటి పాలపళ్ల మధ్య రెండు వెడల్పాటివి వస్తే రెండు పళ్ల పశువు, వయసు సుమారు రెండు, రెండున్నరేళ్లు. నాలుగు పళ్లకు మూడేళ్లు దాటుతాయి, ఆరు పళ్లకు నాలుగేళ్లు. ఎనిమిదీ వేసిందంటే నాలుగున్నర, ఐదేళ్లు. తిండిని బట్టి నెలలు అటూ ఇటూ అవుతాయి.

4. నాలుగు కాళ్లూ నలుచదరంగా, తల సమంగా ఉండేలా నిలబెడదాం. తల వంచితే భుజం కదిలి అన్ని కొలతలూ మారతాయి.

5. ఎత్తు: కర్రను ముందుకాలి పక్కన నిటారుగా నిలిపి, మూపురం వెనక వీపు మీద బద్ద ఆనించి చదువుదాం. మూపురం మీద పెట్టకూడదు. కొవ్వు పట్టిన మూపురం ఆవు ఎత్తును లేనిపోనిదిగా పెంచేస్తుంది.

6. ఛాతీ చుట్టుకొలత: మూపురం వెనక నుంచి ముందుకాళ్ల వెనకగా టేపు చుట్టాలి. చర్మానికి ఆనాలి, కండలోకి దిగకూడదు. కింద టేపు మెలిపడిందేమో వంగి చూడాలి.

7. పొడవు: భుజం ముందు పొడుచుకొచ్చిన ఎముక నుంచి తోక పక్కన కూర్చునే ఎముక దాకా, అదే వైపున.

8. ప్రతి కొలతా మూడుసార్లు తీసి సగటు రాద్దాం. చెవి పోగు మీది 12 అంకెలు, తేదీ, వేళ కూడా పక్కనే రాయాలి.

9. బరువుకు షేఫర్ సూత్రం ఉంది. చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 660తో భాగించాలి. అన్నీ అంగుళాల్లో ఉండాలి, జవాబు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 48, పొడవు 36 అయితే దాదాపు 126 కిలోలు.

పొరపాట్లు

పై ఉదాహరణలో చుట్టుకొలతను 49 అని చదివితే బరువు 131 కిలోలవుతుంది. ఒక్క అంగుళానికి ఐదు కిలోలు! పొడవులో అదే తప్పు జరిగితే తేడా మూడున్నర కిలోలే. చుట్టుకొలతను రెండుసార్లు గుణిస్తున్నాం కాబట్టి ఆ టేపు దగ్గరే మన ఓపికంతా ఖర్చు పెట్టాలి. ఆవు ఊపిరి తీసి వదిలేదాకా ఆగి చదవాలి.

సెంటీమీటర్లూ అంగుళాలూ కలిపేయడం కొత్తవాళ్లందరూ చేసేదే. టేపు ఏ వైపు చదివామో పుస్తకంలో ముందే రాసుకుంటే ఆ చిక్కుండదు.

నెలలు నిండిన చూలు ఆవుకు ఈ లెక్క పొసగదు. కడుపులోని దూడ బరువు ఛాతీ దగ్గర కనిపించదు. ఏ ఆవుకైనా ఇది అంచనాయే. కాటా అందుబాటులో ఉంటే ఒకసారి తూచి, మన అంచనా ఎంత తేడా వచ్చిందో అదే పేజీలో రాసిపెట్టుకుందాం. మరుసటి నెల కొలతకు ఆ పేజీతోనే వెళ్లాలి, అదే వేళకు, వీలైతే అదే మనిషి టేపు పట్టాలి.