ఘాటు రోడ్డు - ఘర్షణ గుణకం

ఏటా ఈ సంచికకు ఏదైనా వ్యాసం ఇమ్మని విద్యార్థి సంఘం మిత్రులు అడగడమూ, నేను నక్షత్రాల గురించో పరమాణువు గురించో నాలుగు పుటలు రాసి ఇవ్వడమూ మామూలైపోయింది. ఈసారి అంత దూరం పోదలచుకోలేదు. భాకరాపేట ఘాటు దాకా పోయి వద్దాం. 2019 నవంబరులో ఒక సాయంత్రం అక్కడే నేను కారును పిట్టగోడకు కొట్టాను. ఫిజిక్సు పాఠం చెప్పేవాడినై ఉండి ఆ పని చేశాను గనక, అందులోని పాఠాన్ని మీకు అప్పజెప్పడం నా విధి అనుకుంటాను.

బండి సంగతి

చిన్న కారు, వెనక పైకెత్తే తలుపు, లోపల మాత్రం ఒళ్లుకు మించిన ఇంజను - ఇలాంటి బండిని హాట్ హ్యాచ్ అంటారు. జర్మనీలో 1976లో వచ్చిన గోల్ఫ్ జి.టి.ఐ. ఈ రకానికి పేరు తెచ్చింది. దానిది 110 గుర్రాల శక్తి. మన దేశంలో 2015లో వచ్చిన అబార్త్ పుంటోకు 145 గుర్రాల శక్తి ఉండేది. నేను సెకండ్ హ్యాండులో కొన్నది ఆ రెండూ కాదుగాని, ఆ జాతిదే. నలభై దాటిన వయసులో నాకెందుకా సరదా అంటే జవాబు లేదు. కాలు ఇట్లా మోపితే చాలు, బండి ముందుకు దూకేది. అది చూసి నేను మంచి డ్రైవర్ననుకున్నాను.

ఇలాంటి కార్లలో చాలావాటికి ముందు చక్రాలే బండిని లాగుతాయి. తిరిగేవీ అవే, బ్రేకు భారం ఎక్కువగా మోసేవీ అవే. కాబట్టి ముందు టైర్లు తొందరగా అరుగుతాయి. నావీ అరిగాయి. నాలుగూ మార్చడానికి చేయి రాక రెండే కొన్నాను. "అరిగినచోట కొత్తవి వేయండి" అని నేనే చెప్పి ముందు వేయించాను. వెనకవాటికి గాడులు ఇంకా కొంచెం ఉన్నాయి గదా, ఏడాది వస్తాయిలే అనుకున్నాను.

ఆ రోజు మదనపల్లెలో అక్కగారి ఇంటి నుంచి మా మేనల్లుణ్ని హాస్టలుకు తీసుకొస్తున్నాను. మరునాటి నుంచి వాడికి సెమిస్టరు పరీక్షలు. ముందు సీట్లో అక్క కట్టిచ్చిన బియ్యం మూట, ఊరగాయ జాడీలు. వాడు వెనక ఎడమవైపు కూర్చున్నాడు. బెల్టు పెట్టుకోమని నేను చెప్పలేదు. పీలేరు దాటగానే సన్నగా తుంపర మొదలైంది. ఘాటు దిగుతూ ఒక కుడి మలుపులోకి వచ్చేసరికి ముల్లు నలభై దగ్గర ఉంది. ఎదురుగా బస్సు కనిపించింది. "మామా, మెల్లగా!" అన్నాడు వాడు. నేను ఉలిక్కిపడి యాక్సిలరేటరు వదిలి, మలుపు మధ్యలోనే బ్రేకు తొక్కాను. ముందు చక్రాలు చెప్పినట్టే విన్నాయి. వెనక భాగం మాత్రం ఎవరో తోసినట్టు ఎడమకు జారి, బండి అడ్డం తిరిగి, సరిగ్గా వాడు కూర్చున్న పక్కే పిట్టగోడకు కొట్టుకుంది. గోడ ఆపింది. అది లేకపోతే ఈ వ్యాసం లేదు. వాడికి కాలర్‌బోను విరిగింది. ఎడమచేతి వాటం వాడు. చేయి కట్టులో ఉండగా పరీక్షలు పోయాయి.

ఒక్క కాగితమంత నేల

ఇక పాఠానికి వద్దాం. కారు బరువు సుమారు 1100 కిలోలు అనుకోండి. ఒక్కో టైరు మీద 275 కిలోలు. టైరులో గాలి 32 పౌండ్లు, అనగా చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.25 కిలోలు. భాగించి చూస్తే ఒక్కో టైరు నేలకు ఆనే చోటు సుమారు 120 చదరపు సెంటీమీటర్లు - ఒక అరచేయి. నాలుగూ కలిపినా మీరు పరీక్ష రాసే ఏ4 కాగితం ఒక్కటంత కూడా కాదు. ఇంజను ఎంత గొప్పదైనా, బ్రేకులు ఎంత ఖరీదైనవైనా, స్టీరింగు ఎంత చురుకైనదైనా, అవన్నీ ఆ కాగితమంత చోటు ద్వారానే రోడ్డుతో మాట్లాడాలి.

మలుపులో కారును లోపలికి లాగి ఉంచేది ఘర్షణ ఒక్కటే. అందుకు కావలసిన ఘర్షణ గుణకం, వేగపు వర్గాన్ని వ్యాసార్థంతోనూ గురుత్వ త్వరణంతోనూ భాగిస్తే వస్తుంది. మలుపు వ్యాసార్థం 20 మీటర్లు అనుకుందాం. గంటకు 30 కి.మీ. వేగంలో కావలసిన గుణకం 0.35. అదే 40 కి.మీ. అయితే 0.63. పెరిగిన వేగం పదే; అవసరం మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది. పొడి రోడ్డు మీద మంచి టైరు సుమారు 0.7, 0.8 దాకా ఇస్తుంది. తడి రోడ్డు మీద తగ్గుతుంది. తడికి తోడు టైరు అరిగి, రబ్బరు ముదిరి గట్టిపడితే ఇంకా తగ్గి, 0.4 కూడా దొరకకపోవచ్చు. పైగా తొలి తుంపర చాలా మోసకారి. రోడ్డు మీది దుమ్మునూ నూనెనూ కడిగేయకుండా కలిపి పూస్తుంది.

మరి ముందు చక్రాలు నిలిచి వెనకవి ఎందుకు జారాయి? దిగుడులో బండి బరువు సహజంగానే ముందుకు వాలుతుంది. బ్రేకు తొక్కితే ఇంకా వాలుతుంది. ముందు టైర్లకు పట్టు పెరుగుతుంది, వెనకవి తేలిపోతాయి. అట్లా తేలిన వెనక చక్రాలకే నేను పాత టైర్లు ఉంచాను! ముందు భాగం జారితే బండి తిన్నగా పోతుంది, డ్రైవరుకు తెలుస్తుంది, వేగం తగ్గించుకుంటాడు. వెనక భాగం జారితే బండి బొంగరమవుతుంది. మామూలు డ్రైవరుకు సర్దుకునే వ్యవధి ఉండదు. అందుకే రెండే కొత్త టైర్లు కొనగలిగితే అవి వెనక వేయించి, వెనకవాటిలో బాగున్నవాటిని ముందుకు మార్చుకోవాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది గాని సరైన పద్ధతి అదే.

టైరు మీది రాత

బండిని చంద్రగిరి దారిలో ఒక షెడ్డుకు చేర్చారు. అక్కడి పెద్దాయన వెనక టైరు పక్కన గొంతుక్కూర్చుని, గోరుతో గీకి చూశాడు. పక్క గోడంతా సన్నని పగుళ్లు. తర్వాత ఒకచోట వేలు పెట్టి, "సారూ, పిల్లోళ్లకు పాఠాలు చెప్తారంట గదా, ఈడ రాసుండేది చదవలేదా?" అన్నాడు. అక్కడ 2312 అని ఉంది. అంటే 2012వ సంవత్సరం, 23వ వారంలో తయారైన టైరు. ఏడేళ్లు నిండింది. బండి కొనేటప్పుడు ఇంజను మోత విన్నాను, రంగు చూశాను, పాటల పెట్టె పరీక్షించాను. ఈ నాలుగంకెలు చూడలేదు.

1845లో థామ్సన్, 1888లో డన్లప్ గాలి టైరును కనిపెట్టిన నాటి నుంచి, 1946లో మిషలిన్ వారు రేడియల్ టైరు తెచ్చిన నాటి నుంచి ఎందరో కృషి చేసింది ఆ అరచేతి పట్టు కోసమే. మన వరదయ్యపాలెం మండలం చిన్నపండూరులో కూడా 2020 నుంచి అపోలో టైర్లు తయారవుతున్నాయి. ఇంత జరిగినా, చివరకు వంగి చూడవలసింది బండి నడిపేవాడే. చూడవలసినవి నాలుగు.

ఒకటి, గాడుల లోతు. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలు ఉంటాయి. రబ్బరు అరిగి వాటితో సమమైతే లోతు 1.6 మి.మీ.కు వచ్చిందని అర్థం. కారుకు చట్టం ఒప్పే కనీసం అదే. వానాకాలానికి అంత దాకా ఆగకుండా మార్చడం మేలు. వేగం పెరిగేకొద్దీ కింది నీళ్లను పక్కకు తోసేది ఆ గాడులే. తిరుపతిలో గుండుకు గౌరవం ఉంది గాని, టైరుకు గుండు పనికిరాదు.

రెండు, పుట్టిన తేదీ. గాడులు ఉన్నా రబ్బరు ముసలిదైతే పట్టు ఉండదు.

మూడు, గాలి. నెలకొకసారైనా, టైరు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉన్నంత పట్టించాలి. స్టెప్నీని మరవకూడదు.

నాలుగు, కొత్తవి వెనక.

ఇక నడక సంగతి. మలుపుకు ముందే వేగం తగ్గించాలి గాని మలుపులో కాదు. దిగేటప్పుడు చిన్న గేరులో దిగాలి. తిరుమలకు 1944లో వేసిన మొదటి ఘాటు రోడ్డు సుమారు 19 కి.మీ. 1974లో రెండోది వచ్చాక ఎక్కడానికి కొత్తది, దిగడానికి పాతది వాడుతూ వచ్చారు. దిగే బండి 40 నిమిషాలకు ముందుగా కిందికి చేరకూడదని నియమం పెట్టారు. నేనూ ఒకప్పుడు విసుక్కున్నవాడినే. ఇప్పుడు లెక్క చూడండి: 19 కి.మీ.కు 40 నిమిషాలంటే గంటకు 28 కి.మీ. మనం పైన వేసిన లెక్కలో 0.35 దగ్గర నిలిచే వేగం! ఆ నియమానికీ మన నల్లబల్ల మీది సూత్రానికీ తేడా లేదు.

భాకరాపేట ఘాటులోనే 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడి, శుభకార్యానికి బయలుదేరినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మమ్మల్ని ఆపిన పిట్టగోడే కళ్ల ముందు నిలిచింది.

మా మేనల్లుడు తర్వాత పరీక్షలు రాసి గట్టెక్కాడు, ఉద్యోగంలో చేరాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. కాని నా బండి ఎక్కే ముందు ఇప్పటికీ ఒకసారి వెనక్కు వెళ్లి, వంగి టైరు చూసి, ఆ తర్వాతే తలుపు తీస్తాడు. ఎక్కగానే బెల్టు పెట్టుకుంటాడు. నేను ఇరవై ఏళ్లుగా నల్లబల్ల మీద రాస్తున్న ఘర్షణ గుణకాన్ని నాకు నేర్పింది వాడే. మీరు మాత్రం నాలాగా గోడను కొట్టి నేర్చుకోవద్దు. ఈ సంచిక మూసి లేచాక, మీ బండి దగ్గరికి వెళ్లి ఒక్క నిమిషం వంగి చూడండి.