మేనల్లుడికి, పట్టా మీది పగులు గురించి

గుడివాడ



ఎడ్డీ కరెంట్ శిక్షణలో చేరానని రాశావు. సంతోషం. పట్టాల పరీక్షలో నా చేతిలో ఎప్పుడూ ఉన్నది అల్ట్రాసోనిక్ యంత్రమే. అది ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలుసు గనక ఈ నాలుగు మాటలు.

పట్టా లోపలి లోపాన్ని శబ్దం బాగా పట్టుకుంటుంది. పైన సన్న పగుళ్లు గుంపుగా ఉంటే మాత్రం వాటికి తగిలి వెనక్కొచ్చేస్తుంది. అడుగున దిగిన పెద్ద పగులు మరుగున పడిపోతుంది. వంపుల్లో బయటి పట్టా లోపలి అంచున, చక్రం ఒరుసుకునే చోట ఈ సన్న పగుళ్లు పుడతాయి. ఇంగ్లండులో హాట్‌ఫీల్డ్ దగ్గర 2000 అక్టోబరు 17న పట్టా 300కు పైగా ముక్కలై, రైలు పట్టాలు తప్పి నలుగురు చనిపోయింది ఈ జాతి పగుళ్ల వల్లే. ఆ పట్టా మార్చాలని ముందే తెలుసు. మార్చలేదు. అందుకే రిపోర్టులో చోటు, తేదీ, గడువు స్పష్టంగా రాసి, అందినట్టు సంతకం తీసుకో.

నీ ప్రోబ్‌లో ఉండేది తీగచుట్ట. అందులో ఏసీ కరెంట్ పోతుంటే లోహం పైపొరలో సుడి కరెంట్లు పుడతాయి. పంటకాలవలో మొద్దు అడ్డుపడితే నీళ్లు పక్కకు తిరిగినట్టు, పగులు దగ్గర అవి దారి మళ్లుతాయి. మీటరుకు తెలిసేది అంతే. అది పగులా, తుప్పు గుంటా, వెల్డు అంచా, నీ చెయ్యి కాస్త లేచిందా అన్నది తేల్చాల్సింది నువ్వు.

ముందు, కోత పెట్టిన నమూనా బ్లాకు మీద ప్రోబ్‌ను ఎత్తి దించుతూ, అప్పుడు తెర మీద కదిలే గీత అడ్డంగా పడేదాకా ఫేజ్ తిప్పు. తర్వాత ఆ కోత మీదుగా పోనిస్తే చుక్క పైకి లేస్తుంది. బందరు వైపు ఉప్పుగాలికి పెచ్చులు కట్టిన ఇనుము మీద ప్రోబ్ ఒకే ఎత్తులో నిలవదు. అక్కడ ఈ అమరికే దిక్కు. పని అయ్యాక మళ్లీ బ్లాకు పెట్టి చూడు. తేడా వచ్చిందా, కిందటిసారి సరిగ్గా చూపిన చోటి నుంచి అంతా తిరిగి చెయ్యాల్సిందే. మేస్త్రి విసుక్కున్నా సరే.

100 కిలోహెర్ట్జ్ దగ్గర అల్యూమినియంలో కరెంట్ పావు మిల్లీమీటరు దాకా దిగుతుంది, ఉక్కులో అంతకంటే చాలా తక్కువ. పగులు ఏటవాలుగా పోతుంది కాబట్టి నీకు తెలిసేది దాని వాలు పొడవు. నిలువు లోతు లెక్కకట్టాలి. ఇక పట్టాను బిగించే చోట లైనర్ కింద పట్టా అడుగును తినేసే తుప్పు నీ ప్రోబ్‌కు అందదు, దానికి లైను నడిచి చూసే కీమ్యాన్ కన్నే కావాలి.

దసరాకు అవనిగడ్డ వెళ్తే సాధన కోసం మీ బాబాయి మిల్లులో తీసేసిన షాఫ్టు ఒకటి అడుగు. షాఫ్టుకు పగుళ్లు మొదలయ్యేది తరచూ కీ కూర్చునే గాడి, అంటే కీవే, మూలల్లోనే, అంచు తప్పుడు సిగ్నలు ఇచ్చేదీ అక్కడే. రెండు దిక్కులా తిప్పి చూసి తెర ఫోటోలు పంపు, ఏది ఏదో నువ్వే రాసి.

మామయ్య