ఇంటర్ తరువాత ఏం చేయాలి?



1926లో వెలసిన ఆంధ్ర విశ్వకళాపరిషత్ మన జాలరిపేటకు ఎంతో దూరం లేదు. అయినా మార్కులుండీ, కాగితాలు లేక ఆగిపోయేవారు మనలో ఉన్నారు.

దరఖాస్తులు వేసవిలో వస్తాయి. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం; ఇంట్లో డబ్బాడదు. కనుక దరఖాస్తు రుసుము ముందే దాచుకోండి. ఆ రోజుల్లో నాన్న ఒడ్డునే ఉంటారు గనుక, వెంటబెట్టుకెళ్ళి కుల, ఆదాయ ధ్రువపత్రాలు తెచ్చుకోండి. హాస్టళ్ళు మారినవారు చదివిన ప్రతి బడి నుండీ స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. స్థానికతకు అవే ఆధారం.

ఆధార్‌లో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉందో లేదో చూడండి. నా ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడాకు వారం రోజులు తిరిగాను.

డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇస్తారు. నిజంగా కోరుకున్న కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టి, కింద మరికొన్ని ఇవ్వండి. ఒక్కదానితో ఆపితే, అది దక్కకపోతే ఆ విడతలో సీటే రాదు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. అడగడానికి ఎవరూ లేకపోయారు. మీకు మేమున్నాం. సెలవుల్లో హాస్టల్‌కు వస్తాం, సిగ్గుపడకుండా అడగండి.